కాకి ముట్టని కూడు

మా పెళ్ళయిన కొత్తలో, అంటే ఎనభైల మొదట్లో, మా ఆయనకి విశాఖపట్నంలో కొత్తగా కట్టబోయే ఉక్కు ఫ్యాక్టరీ స్థలంలో సర్వే పని దొరికింది. నక్క తోక తొక్కాడని మా పుట్టింటివాళ్ళు మురిసిపోయారు. నేను గాజువాకలో బస్సు దిగి నాలుగు వైపులా చూసి, తొక్కేముందు కాస్త చూసుకుని తొక్కాల్సింది కదా అనుకున్నాను. ఎర్రమట్టి, లారీలు, ఉప్పుగాలి, ఎండ. గోదావరి కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, బిందెడు నీళ్ళకోసం జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను.

మేం అద్దెకి దిగింది ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ కాలనీలో. అక్కడ చాలామంది తమ ఇంటికి ఆనించి ఒక వాటా వేసి, మాలాగా గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్ళకి అద్దెకిచ్చేవారు. మా ఇంటామెకి భర్త లేడు. కొడుకూ కోడలూ ఉన్నారు. ఒక కంటికి పొర కమ్మింది గానీ రెండో కన్ను పదిమంది పెట్టు. నేను "పిన్నిగారూ" అని పిలిస్తే నవ్వి, అత్తా అంటే చాలు, నీ మాట బెల్లప్పాకంలా సాగుతాది, అది పూర్తయ్యేసరికి పొయ్యి మీద కూర మాడిపోతాది అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఆవిడ నచ్చేసింది కూడా.

దిగిన రోజు సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, రోడ్డవతల ముళ్ళకంచె వెనక నుంచి ఒక అరుపు లేచింది. సన్నగా మొదలై, మధ్యలో విరిగి, మళ్ళీ లేచింది. దానికి ఇంకెక్కడి నుంచో జవాబు వచ్చింది. ఆ తర్వాత గుంపంతా అందుకుంది. మా వైపు చెరుకు తోటల్లో నక్కలు కూయడం నేను విననిది కాదు. నేను భయపడింది నక్కకి కాదు. ఆ కూత వినగానే వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. అరుగుల మీద మగవాళ్ళు నోట్లో చుట్టలు తీసి కింద పెట్టారు. పక్కింటి ముసలమ్మ కంచె వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, పెద్దాయన లేచాడు అంది. ఏ పెద్దాయన అని అడగబోయాను. ఇంటామె కోడలు నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది.

మర్నాడు కుళాయి దగ్గర ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుని కథంతా నా చెవిలో పోశారు. పెద్దాయనంటే మా అత్త భర్తే. కంచె వెనక ఊళ్ళో రైతు. తాటిదూలం మీద పడి ఎడమకాలు నలిగిన దగ్గర్నుంచి దాన్ని ఈడ్చుకుంటూ నడిచేవాడు. అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని పీల్చేవాడు. ఊరు ఖాళీ చేసి కాలనీకి వచ్చిన ఏడాదే జ్వరం తగిలి పోయాడు. దినం నాడు పెరట్లో విస్తట్లో కూడు పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. కాకులు వచ్చాయి, గోడమీద వరసగా వాలాయి, విస్తరి వైపు చూశాయి. ఒక్కటీ ముట్టలేదు. అమ్మని చూసుకుంటానని కొడుకు మొక్కాడు. ముట్టలేదు. తోడబుట్టినవాళ్ళు మొక్కారు. అయినా ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక కాకులన్నీ లేచి కంచె అవతలికి ఎగిరిపోయాయి. ఆయన ప్రాణం పాత ఊళ్ళోనే ఉండిపోయిందని పెద్దలు తేల్చారు.

అప్పుడు అదే కూడు పాత ఊరికి పట్టుకెళ్ళి, మొండిగోడల మధ్య, ఆయన పడుకునే మూలలో పెట్టారు. పోయినవాళ్ళు ఏ రూపంలో వస్తారో తెలుసుకోడానికి చుట్టూ బియ్యప్పిండి చల్లడం మా వైపూ ఉంది, వాళ్ళకీ ఉంది. పొద్దున వెళ్ళి చూస్తే విస్తరి నాకేసి ఉంది. పిండిలో కుక్క అడుగుల్లాంటివి ఉన్నాయి. కానీ నాలుగు కాళ్ళవి కావు, మూడే. ముందు ఎడమకాలు పడవలసిన చోట పిండి చెదరలేదు. అంత చెప్పి వాళ్ళు బిందెలెత్తుకుని వెళ్ళిపోయారు. నా బిందె నిండి పొర్లిపోతున్నా నేను చూసుకోలేదు.

అప్పటి నుంచి కాలనీవాళ్ళు ఆ ఊరివైపు కట్టెలకి వెళ్ళరు, చింతకాయలకి వెళ్ళరు, తాటిపళ్ళు రాలినా ఏరుకోరు. కుందేలుకి ఉచ్చు పెట్టడం ఉగ్గుపాలతో వచ్చిన విద్యే, అయినా అక్కడ పెట్టరు. టౌన్ నుంచి తుపాకులు పట్టుకుని సరదాకి వచ్చినవాళ్ళకి దారి చూపించరు. చుట్టుపక్కల ఖాళీ అయిన మిగతా ఊళ్ళలో కంపలు కూడా మిగలకుండా జనం ఊడ్చుకుపోయారు. ఈ ఒక్క ఊరిని మాత్రం ఎవరూ ముట్టలేదు.

అత్త మాత్రం వెళ్ళేది. శనివారం శనివారం, పొద్దు వాలే వేళకి, ఎండుచేపలు కలిపిన అన్నం విస్తరాకులో కట్టుకుని, కర్ర పట్టుకుని. కొడుకు కంచె దాకా కూడా వచ్చేవాడు కాదు. బతికుండగానే తండ్రంటే వణికేవాడు, ఇప్పుడేం వెళ్తాడని కోడలు నవ్వేది. అత్త రెండో కన్ను కూడా మసకేస్తున్న రోజుల్లో, వానలు వెనకబట్టిన ఒక శనివారం, ఆవిడ మా గుమ్మంలో నిలబడి బేగి రా, నాకు దారి సూపింతువు గాని అంది. అడగలేదు, చెప్పింది. నాకు కాదనడం చేతకాలేదు. నిజం చెప్పొద్దూ, చూడాలనే పిచ్చి కూడా ఉంది. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

కంచె సందు దాటగానే లారీల మోత తలుపు వేసినట్టు ఆగిపోయింది. రెండు వైపులా సర్కారు తుమ్మ, జీడిచెట్లు. దారి మధ్యలో ఒక కుందేలు కూర్చుని మమ్మల్ని చూసింది, లేవలేదు. నా మొదటి భయం అదే. మనిషిని చూసి పరిగెత్తని కుందేలుని నేను ఎక్కడా చూడలేదు. మేమే పక్కకి తప్పుకుని నడిచాం.

ఊరు ఊరంతా అలాగే ఉంది, పైకప్పులు తప్ప. పెంకులూ తలుపులూ ఊరివాళ్ళు వెళ్ళేటప్పుడే పట్టుకుపోయారు. గోడలమీద నెమళ్ళు తోకలు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాయి. నేలలో పాతిన రోళ్ళలో వాన నీళ్ళు నిలిచాయి, ఒక్కో రోలు దగ్గరికీ గడ్డిలో సన్నటి దారులు పడ్డాయి. ఒక గోడమీద పెళ్ళినాటి పసుపు చేతుల గుర్తులు ఇంకా చెరగలేదు. ఏ ద్వారం ముందుకి వెళ్ళినా, అంతవరకూ మనల్ని చూస్తూ నిలబడ్డవాళ్ళెవరో అప్పుడే పక్కకి తప్పుకున్నట్టు ఉండేది. ముంగిసలో అడవిపిల్లులో అయ్యుంటాయి. అలా అనుకుంటూనే నడిచాను గానీ నా ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి. దానికి తోడు అత్త ఒక్కో వాకిలి దగ్గరా ఆగి, లోపల మనిషున్నట్టే, వండేవా అని అడిగి ముందుకి కదిలేది. జవాబుకి కాసేపు ఆగేది కూడా.

వాళ్ళ ఇంటికి అరుగు మిగిలింది, నాలుగు గోడలు మిగిలాయి. ఆవిడ లోపలికి వెళ్ళి విస్తరి మూలలో పెట్టి వచ్చి, గుమ్మానికి వీపు పెట్టి అరుగుమీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

"ఎనక్కి సూడకు," అంది. "ఏటినిపించినా సూడకు."

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత లోపల మట్టిమీద అడుగులు. రెండు పడి, ఒక చిన్న ఈడ్పు. మళ్ళీ రెండు, మళ్ళీ ఈడ్పు. కాలు బాగాలేని మనిషి పడకమీంచి లేచి అన్నం దగ్గరికి వస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆకు కదిలింది. నమిలిన చప్పుడు నా వీపుకి అంత దగ్గరలో వినపడింది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, కొందరిని రెండుసార్లు. అత్త మాత్రం కర్ర ఒళ్ళో పెట్టుకుని, అన్నం తింటున్నవాళ్ళ పక్కన కూర్చున్నట్టు కూర్చుంది. అడుగులు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాక లేచి చీర దులుపుకుంది. ఇంటికొచ్చి రెండు రోజులు జ్వరంతో పడుకున్నాను. మూడో శనివారానికి ఆవిడ పిలవకుండానే గుమ్మంలో నిలబడ్డాను.

ఆ చలికాలమంతా వెళ్ళాం. నాకు భయం పోయిందని చెప్పను. అలవాటైంది, అంతే. భయంలో కూడా కొన్ని కంటికి తగుల్తాయి. వారం వారానికీ ఆ ఊళ్ళో ప్రాణాలు పెరుగుతున్నాయి. ఎండిన బావి గోడలో పైడికంటి గుడ్లగూబ పిల్లల్ని పెట్టింది. గుడి వెనక ముళ్ళపంది ముళ్ళు రాలి కనపడేవి. కాలనీలో పిచిక కూడా వాలని రోజుల్లో ఇక్కడ పేరు తెలియని పిట్టలు చెట్టుకి పట్టేవి కావు. మనుషులు లేచిపోయిన ఇళ్ళలోకి అన్నీ వచ్చి కాపరం పెట్టుకున్నాయి. రావద్దనేవాడు లేడు కదా.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు మా ఆయన అన్నం తింటూ, పక్క ఊరి చదును అయిపోవచ్చింది, వానలు పడేలోపు మీ దెయ్యాల ఊరు కూడా డోజర్లతో లాగించేస్తారు అన్నాడు.  ఆయన ఇవేవీ నమ్మే మనిషి కాదు. ముసలావిడ నక్కకి మేత వేస్తోంది, నువ్వు దానికి తోడుపెళ్ళికూతురివి అని నెలల తరబడి నన్ను ఏడిపిస్తున్నాడు. ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పాడు. గుర్తుకర్రలు పాతడానికి మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లోకి వెళ్ళాడట. వెనకగదిలో ధాన్యం దాచే పాతర నోరు తెరుచుకుని ఉంది. వంగి చూస్తే లోపల మూడుకాళ్ళ నక్క తలెత్తి చూసింది. దాని కింద పిల్లలు పాలు తాగుతున్నాయి.

"ఆడ నక్కే," అన్నాడు. "మీ పెద్దాయన పురిటిలో ఉన్నాడని చెప్పు మీ అత్తకి."

ఎప్పుడూ లేనిది ఆయనమీద గట్టిగా అరిచాను. తర్వాత ఆ రాత్రంతా నా బాధ ఒక్కటే. రేపోమాపో డోజరు వస్తుందని చెప్పాలి. అక్కడున్నది నీ భర్త కాదని కూడా చెప్పాలా? రెండూ ఒకేసారి చెబితే ఆ మనిషి తట్టుకుంటుందా?

మర్నాడు అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ రెండు గింజలు తీసి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. డోజర్ల సంగతి, పాతర సంగతి, పిల్లల సంగతి. అది ఆడదత్తా అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ చెయ్యి కూడా ఆగలేదు.

"నాకు తెల్దేటి అమ్మి, అది నక్కని? పిండి సల్లమన్నది నానే. ఏ అడుగులు పడతాయో తెలిసే సల్లమన్నాను."

 ఆవిడే చెప్పింది. ఊరు ఖాళీ చేసే ముందురోజు కూడా పెద్దాయన అలవాటు చొప్పున జీడితోపులో కుందేలుకి తీగ ఉచ్చు పెట్టాడు. తెల్లారేసరికి లారీ వచ్చి వాకిట్లో నిలబడింది. పెంకులు దించడం, పశువుల్ని తోలడం, గుమ్మం పట్టుకుని ఏడ్చేవాళ్ళని విడదీసి ఎక్కించడం. ఉచ్చు మాట ఎవరికి గుర్తుంటుంది? కాలనీకి చేరాక గుర్తొచ్చి ఆయన వెనక్కి వెళ్ళాడు. తీగలో కుందేలు లేదు. ఒక నక్క పాదం ఉంది, ఎడమ ముంగాలిది. కొరుక్కుని, తెంపుకుని పోయింది. ఆ పాదాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి భార్యకి చూపించి, నా కాలూ దాని కాలూ ఒకటే అయిపోయాయి చూడు అన్నాడట. ఆ రోజు నుంచి అన్నం సరిగా తినలేదు. జ్వరం ఆ తర్వాత వచ్చింది. పోయేముందు కొడుకు గురించి అడగలేదు, పోయిన భూమి గురించి అడగలేదు. దానికి కూడు తెచ్చిపెట్టే కాలు నేనే తీసేశాను, దానికింత పెట్టు అన్నాడు. పెడతానని ఈవిడ చేతిలో చెయ్యి వేసింది.

"కూడు పెడితే సాలదు కదా," అంది. "నక్కుందని తెలిత్తే కొమ్ము కోసం ఉచ్చులట్టుకొని ఎల్తారు. నా మొగుడున్నాడంటే ఎవుడెల్తాడు?"

వన్ టౌన్ సందుల్లో, కుంకుమ పూసిన వెంట్రుకల ముడి చూపించి, ఇది నక్క కొమ్ము, ఇంట్లో ఉంటే కలిసొస్తుంది అని అమ్మేవాళ్ళని నేనూ చూశాను. దానికోసమే నక్కల్ని చంపేవారు. నాకిప్పుడు మొత్తం తేటపడింది. ముళ్ళకంచె సర్కారుది, ఎవడైనా సందు చేసుకుని దూరతాడు. ఈవిడ కట్టిన కంచెకి సందు లేదు. కాలనీ మొత్తాన్ని, కన్నకొడుకుతో సహా, ఆ భయంలోనే ఉంచింది. భలేదానివత్తా అని నవ్వాను. నవ్వాక ఒక సందేహం వచ్చింది. మరి ఆ రోజు కాకులెందుకు ముట్టలేదు అని అడిగాను.

ఆవిడ చెయ్యి అప్పుడు ఆగింది.

"అది నాను సేసింది కాదు," అంది.

ఇంక మా ఇద్దరికీ ఒకటే పని. డోజరు వచ్చేలోపు ఆ తల్లి పిల్లలతో అక్కడి నుంచి కదలాలి. లేకపోతే పాతర మీద మన్ను పడుతుంది, పెద్దాయనకి ఇచ్చిన మాట అందులోనే పూడిపోతుంది. ఎక్కడికి కదలాలో మా ఆయన్ని అడిగాను. ఊరి వెనక కొండని ముట్టుకోరు, అక్కడ మొక్కలు వేస్తారట అన్నాడు. ఎందుకు అడిగావని మాత్రం అడగలేదు. నేను అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉన్నట్టుంది.

అత్తకి దారి తెలుసు. వాళ్ళలో ఇల్లు మారేటప్పుడు పెద్దల్ని వెంట తీసుకెళ్ళే పద్ధతి ఉంది. పాత ఇంటి మూలలో పిడికెడు మట్టి తీసి కొంగున కట్టుకుని, రా అని పిలుస్తూ, వెనక్కి చూడకుండా కొత్త ఇంటికి నడవాలి. లారీ హడావుడిలో ఆ ఊళ్ళో ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఇప్పుడు తను చేస్తానని కాలనీలో చెప్పింది. పెద్దాయన్ని కొండకి తీసుకెళ్తున్నాను, ఎవరూ అడ్డు రావద్దు అంది. కుళాయి దగ్గర తగవులు కూడా ఆగిపోయాయి.

రోజూ పొద్దు వాలేసరికి వెళ్ళేవాళ్ళం. మొదటిరోజు విస్తరి మూలలో కాకుండా అరుగుమీద పెట్టింది. మర్నాడు వీధి మలుపులో. ఆ తర్వాత బావి దగ్గర, ఆ తర్వాత జీడితోపు మొదట్లో. తినడానికి వచ్చిన తల్లి ఒకరోజు బావి దగ్గర తుప్పల్లోనే ఉండిపోయింది. ఆ మర్నాడు తోపులో చిన్న చిన్న కూతలు వినపడ్డాయి. ఒక్కొక్క పిల్లనీ నోట కరుచుకుని తెచ్చుకుంటోందని అత్త అంది. పగలు పక్క ఊళ్ళో డోజరు మోత రోజురోజుకీ దగ్గరవుతోంది. ఆ మోత వింటూ అన్నం వార్చేదాన్ని. ఇంకా దాటలేదు, ఇంకా దాటలేదు అని నాలో నేనే గొణుక్కునేదాన్ని. నా సొంత పిల్లలకి తర్వాత జ్వరాలొచ్చినప్పుడు కూడా అంత ఆత్రపడలేదేమో.

చివరి సాయంత్రం తోపు నుంచి కొండకి. అక్కడ చెట్లు లేవు, దాక్కోడానికి తుప్ప లేదు, దుక్కి మానేసిన బీడు. అత్త కొంగున మట్టి, చేతిలో విస్తరి. నేను పక్కన. కంచె దగ్గర కాలనీ అంతా నిలబడింది, పిల్లల్ని కూడా చంకనెత్తుకుని. 

"రా," అని పిలిచింది అత్త. మొగుడి పేరు ఎత్తకూడదు కదా. "ఇటు రా. నాను ముందెల్తన్నాను, నువ్వు ఎనకాల రా."

బీడు మధ్యకి వచ్చేసరికి వెనక అడుగులు మొదలయ్యాయి. రెండు పడి ఒక ఈడ్పు. దాని చుట్టూ చిన్న పాదాల గలగల. అది నక్క. నాకు తెలుసు. మా ఆయన కళ్ళారా చూశాడు, అత్త నోటితో చెప్పింది. అయినా నా మెడ బిగుసుకుపోయింది. అప్పుడు చుట్ట వాసన వచ్చింది. గాలి కొండ వైపు నుంచి వీస్తోంది, కాలనీ మా వెనక చాలా దూరంలో ఉంది, ముందు మనిషి లేడు. ఘాటైన, నోట్లో నానిన పొగాకు వాసన. నా పక్కన అత్త నడక తగ్గింది. కాళ్ళు నొప్పెడుతున్నాయేమో అనుకుని చెయ్యి అందించాను. పట్టుకోలేదు. నాకు కాసేపటికి అర్థమైంది. కాలు ఈడ్చేవాడు వెనకబడకుండా ఆవిడ నడక తగ్గించుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి అలాగే నడిచి ఉంటుంది.

కొండ మొదట్లో రెండు బండల మధ్య విస్తరి పెట్టి, కొంగు విప్పి మట్టి అక్కడ పోసింది. మేం చుట్టూ తిరిగి వేరే దారిన దిగి వచ్చాం. కంచె దగ్గర కొడుకు తల్లి కాళ్ళమీద పడి ఏడ్చాడు. నాన్న వెళ్ళాడా అని అడిగాడు. వెళ్ళాడురా అంది.

డోజరు వచ్చి ఆ ఊరిని ఒక్క వారంలో నేలమట్టం చేసింది. ఆ ఇంటి మీదికి వచ్చిన రోజు మా ఆయన పనున్నా లేకపోయినా వెళ్ళి పాతర దగ్గర నిలబడి, ఖాళీగా ఉందని చూశాకే డ్రైవరుకి చెయ్యి ఊపాడట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకి, ఆయన తోటి ఉద్యోగి భార్య ద్వారా తెలిసింది. ఇంట్లో మాత్రం అక్కడ నక్కా లేదు గిక్కా లేదు అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ తర్వాత సాయంత్రం కూత కొండ మీంచి వచ్చేది. కొండ చుట్టూ మొక్కలు నాటారు. వాటిమీద కాలనీవాళ్ళు గొడ్డలి వెయ్యలేదు, మేకని తోలలేదు. ఒకసారి పిల్లల్ని తీసుకుని ఎండాడ వైపు జూకి వెళ్ళాం. దాన్ని ఆనుకుని కంబాలకొండ అడవి ఉంది, ఒకప్పుడు రాజులు వేటాడిన అడవి, ఇప్పుడు రిజర్వు. బోర్డు పెట్టారు. అక్కడ కాపలా ఉన్నాయన్ని లోపల ఏం చేస్తారండీ అని అడిగితే, ఏం చెయ్యమమ్మా, ఎవర్నీ ఏం చెయ్యనివ్వం, మిగతాది అడవే చూసుకుంటుంది అన్నాడు. మా అత్తకి బోర్డు రాయడం రాదు. అందుకని మొగుణ్ణి నిలబెట్టింది.

ఆ దశకం చివర్లో అత్త పోయింది. నిద్దట్లోనే, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా. మేం అప్పటికి క్వార్టర్స్‌కి మారిపోయినా దినం దాకా అక్కడే ఉన్నాను. పెరట్లో విస్తరి పెట్టారు. కాకులు గోడమీద వాలాయి. కొడుకు మొక్కాడు, కోడలు మొక్కింది, మనవలు మొక్కారు. ఒక్కటీ ముట్టలేదు. ఎండెక్కాక లేచి కొండవైపు ఎగిరిపోయాయి. అందరూ నా వైపు చూశారు.

పొద్దు వాలే వేళకి కూడు నేనే పట్టుకెళ్ళాను. అవే రెండు బండలు. చెట్లు ఎదిగి అక్కడ పగలే చీకటిగా ఉంటోంది. విస్తరి పెట్టి చుట్టూ పిండి చల్లి వచ్చేశాను. ఆ రాత్రి నాకు పట్టుకున్న భయం దెయ్యం గురించి కాదు. పిండిలో మామూలు నక్కల అడుగులు పడతాయి, నాలుగేసి కాళ్ళవి. మూడుకాళ్ళది ఇంకా బతికి ఉండదు, నక్క అన్నేళ్ళు బతకదని మా ఆయన ముందే చెప్పాడు. పొద్దున కాలనీవాళ్ళు వచ్చి చూసి, ఇవి ఉత్త నక్కలు రా అంటారు. ఆ మాట ఒక్కటి చాలు. ఎల్లుండికి తీగలు పట్టుకుని కొండెక్కుతారు. అత్త ఇన్నేళ్ళు మోసింది అక్కడితో ఆఖరు.

అందుకని వాళ్ళు లేవకముందే, తెలతెలవారుతుండగా ఒక్కదాన్నే కొండకి వెళ్ళాను. ఒక వరసలో ఎడమ ముంగాలి గుర్తుల్ని బొటనవేలితో చెరిపేద్దామని. ఆవిడ శిష్యురాల్ని కదా, ఆ మాత్రం చెయ్యగలను.

విస్తరి నాకేసి ఉంది. పిండిలో అడుగులు చాలా ఉన్నాయి, తొక్కుకుని, కలిసిపోయి, అన్నీ నాలుగు కాళ్ళవి. మోకాళ్ళమీద కూర్చుని, చెరపడానికి అనువైన వరసకోసం వెతికాను. ఆ గుంపుకి దూరంగా, బండవైపు, రెండు వరసలు విడిగా కనపడ్డాయి. పక్కపక్కనే నడిచినవి. ఒకటి నాలుగు కాళ్ళది, అడుగులు దగ్గర దగ్గరగా పడ్డాయి. రెండోది మూడు కాళ్ళది. ముందు ఎడమకాలు పడవలసిన చోట పిండి చల్లింది చల్లినట్టే ఉంది. నేను చెరపడానికి ఏమీ మిగల్లేదు.

నేను లేచేలోపే కొడుకూ కాలనీ పెద్దలూ ఎక్కి వచ్చారు. వంగి చూశారు.  తలగుడ్డలు తీసి దణ్ణం పెట్టుకున్నారు. అందరం దిగడం మొదలుపెట్టాం, నేను అందరికన్నా వెనక. బీడు దాటుతుండగా నా వెనక గడ్డి కదిలింది.

నక్కే అయ్యుంటుంది. వెనక్కి చూడలేదు. నడక తగ్గించాను.